కాలి మంటకు కంటి ఫొటో

వీధి వీధంతటికీ బూట్లు అమ్మే మనిషి తను మాత్రం బూట్లు వేసుకోలేకపోవడంతో మొదలైంది గొడవంతా.

ఆయన్ని అందరూ బూట్లాయన అనేవారు. కూడలి దగ్గర, మందుల షాపుకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఆయన షాపు. లోపల నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు. మధ్యలో నిలువుటద్దం, దాని ముందు కాలు పెట్టుకోవడానికి వాలు పలక ఉన్న స్టూలు. ఆ స్టూలు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వచ్చినవాళ్ల పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "మీ కుడికాలు ఎడమకాలి కంటే రవ్వంత పెద్దదండీ. కంగారుపడకండి, గొప్పవాళ్లందరికీ అంతే" అనేవాడు. అంత మాట విన్నాక బేరమాడ్డానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

అలాంటి మనిషికి అరికాళ్లలో మంట పట్టుకుంది. మొదట్లో అప్పుడప్పుడూ చురుక్కుమనేది. పోనుపోను నిప్పుల మీద నిలబెట్టినట్టయింది. పైకి చూస్తే మాత్రం ఏమీ లేదు. ఎరుపు లేదు, వాపు లేదు, పుండు లేదు. సాక్సు తగిలినా భరించలేడు. దుప్పటి అంచు పాదాల మీద పడితే ముళ్లకంప ఈడ్చినట్టుండేది. అందుకని షాపు నుంచి పొడవు బూట్ల అట్టపెట్టెలు రెండు తెచ్చి మంచం చివర నిలబెట్టి, వాటి మీదుగా దుప్పటి కప్పి, ఆ గుడారంలో కాళ్లు దాచుకుని పడుకునేవాడు. ఆ గుడారం చూస్తే భార్యకి ఒళ్లు మండేది. ఆయనకి కాళ్లు, ఆవిడకి ఒళ్లు. ఇంట్లో చల్లగా ఉన్నది నీళ్ల కుండ ఒక్కటే.

ఆవిడ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, చివరికి హెడ్మాస్టరూ డ్రిల్లు మేడం అనే పిలిచేవారు. మెళ్లో ఈల, కాళ్లకి తెల్లబూట్లు, ఎండలో కూడా తల దించని నడక. జన్మలో ఒక్కరోజు కూడా తలనొప్పని మంచమెక్కలేదు. మిట్టమధ్యాహ్నం డాబా మీద కాలిపోయే గచ్చు మీద చెప్పుల్లేకుండా తిరిగి, తాపీగా బట్టలు ఆరేసుకుని వచ్చేది. "నొప్పంటే బద్ధకానికి ముద్దుపేరు" అని స్కూల్లో పిల్లలతో అనేది, ఇంట్లో మొగుడితో అనేది.

"ఏమండీ, లేచి మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టండి. మంట ఎందుకుంటుందో నేనూ చూస్తాను."

"కాళ్లు మండుతున్నాయంటే కాళ్లతోనే పరిగెత్తమంటావేంటి?"

"మరి చేతులతో పరిగెత్తుతారా?"

షాపులో ఆయన కౌంటరు కింద నీళ్ల టబ్బు పెట్టుకున్నాడు. పైన పెద్దమనిషి, కింద బాతు. షాపులో ఆయనకి తోడుగా ఉండేది బావమరిది, అంటే డ్రిల్లు మేడం తమ్ముడు. ప్రపంచంలో ఏ విషయం ఎత్తినా అతనికో అభిప్రాయం ఉంటుంది, ఆ అభిప్రాయం తప్పని రుజువైతే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది.

ఒకరోజు ఒకాయన నల్లబూట్లు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ నడిచి, అంతా నచ్చి, "ఇంతకీ మీరేం వేసుకుంటారండీ?" అని కౌంటరు మీదుగా తొంగి చూశాడు. టబ్బులో పాదాలు రెండూ తెల్లగా తేలుతూ కనిపించాయి.

"మీరే వేసుకోలేని బూట్లు మాకు అంటగడతారా?" అని ఆ బూట్లు విప్పేసి, తన పాత చెప్పుల్లో వెళ్లిపోయాడు. వెళ్లినవాడు ఊరుకుంటాడా? ఆ షాపు బూట్లు వేసుకుంటే కాళ్లు కాలిపోతాయట, ఓనరే నీళ్లలో కూర్చున్నాడట అని వారం తిరక్కుండా వీధంతా పాకింది.

"బావా, పళ్ల డాక్టరు బోసినోటితో కూర్చుంటే ఎవరైనా పళ్లు కట్టించుకుంటారా?" అన్నాడు బావమరిది.

"నా కాళ్లు మండుతున్నాయిరా."

"లోపల మండనీ బావా. పైకి మాత్రం బూట్లు వేసుకో."

చివరికి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు నెమ్మదస్తుడు, నున్నటి బోడిగుండు మనిషి. కాళ్లకి తీగలు అంటించి కరెంటు టెస్టు చేయించాడు. తీగ తగిలినప్పుడల్లా బూట్లాయన కప్పలా ఎగిరి, ఎగిరినప్పుడల్లా సంతోషించాడు. ఇంత ఎగిరితే ఏదో ఒకటి దొరక్కపోదని ఆయన ఆశ. రిపోర్టు వచ్చింది. అంతా నార్మల్.

డ్రిల్లు మేడం ఆ రిపోర్టు ఇంటి వరండాలో నిలబడి, పోటీల్లో గెలిచినవాళ్ల పేర్లు చదివినట్టు గట్టిగా చదివింది. "రిపోర్టు నార్మల్. మనిషే నార్మల్ కాదు" అని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ రోజు బూట్లాయన పరీక్ష తప్పిన పిల్లాడిలా ఓ మూల కూర్చున్నాడు. ఆరోగ్యంగా ఉన్నావని చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషిని ఆ వీధిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఏదో ఒక జబ్బు, చిన్నదైనా ఫరవాలేదు, నోరు తిరగని పేరున్నది ఒక్కటి ఇస్తే చాలు, ఈ ఇంట్లో తలెత్తుకు తిరగొచ్చు అనుకున్నాడు. కానీ మంటకి రిపోర్టు చదవడం రాదు కదా. తగ్గలేదు సరికదా, చీలమండల దాకా ఎక్కింది. కాలుకాలిన పిల్లి అని ఊరికే అంటారు గానీ, పిల్లి కనీసం గోడెక్కి కూర్చోగలదు. ఈయనకి కూర్చున్నా మంటే, నిలబడ్డా మంటే.

మళ్లీ డాక్టరు దగ్గరికి బయల్దేరితే ఈసారి ఆవిడ కూడా వెంట వచ్చింది.

"ఆ డాక్టరు నన్ను మోసం చేస్తాడనా?" అన్నాడు ఆయన.

"కాదు. మీరు ఆ డాక్టర్ని మోసం చేస్తారని."

డాక్టరు అంతా మొదట్నుంచీ విన్నాడు. "మంట నిజమేనండీ" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే బూట్లాయన కళ్లు చెమర్చాయి. "నరాల్లో లావువి ఉంటాయి, సన్నవి ఉంటాయి. మొన్న కరెంటు పెట్టి చూసింది లావువాటిని. వేడీ నొప్పీ మోసేవి వెంట్రుక కంటే సన్నవి. వాటి సంగతి ఆ టెస్టుకి అందదు."

"అంటే పెద్దరోడ్లన్నీ బాగున్నాయి, మా ఇంటి ముందు సందే తవ్వేశారంటారు" అన్నాడు బూట్లాయన.

"అంతే. ఆ సందు చూడాలంటే కాలి మీద చర్మం పిసరంత తీసి..."

బూట్లాయన రెండు కాళ్లూ కుర్చీ కిందికి లాగేసుకున్నాడు.

"...వద్దంటే ఇంకో దారి ఉంది. పక్క విభాగంలో కంటికి ఫొటో తీస్తున్నారు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది కదా, కార్నియా. ఒంట్లో ఈ సన్ననరాలు అన్నిటికంటే దట్టంగా ఉండేది అక్కడే. పైగా అద్దం కాబట్టి కొయ్యక్కర్లేదు, పైనుంచి చూస్తే కనిపిస్తాయి. కాళ్లలో సన్ననరాలు పాడవుతుంటే చాలామందికి అక్కడ కూడా పలచబడతాయి."

అప్పటిదాకా ఓపిక పట్టిన డ్రిల్లు మేడం లేచి నిలబడింది. "కాళ్లు మండుతుంటే కళ్లు చూస్తారా? ఎక్కడైనా ఉందా ఇది? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టు..."

మాట మధ్యలో ఆగిపోయింది. బూట్లాయన పైకప్పు వంక చూశాడు. డాక్టరు మాత్రం చెయ్యెత్తి తన తల ఒకసారి తడుముకున్నాడు.

"ముడి ఉందమ్మా" అన్నాడు. "నరాలతోనే వేసి ఉంది."

కంటి ఫొటోల గది చిన్నది, చీకటిగా ఉంది. మెషిన్ దగ్గర ఒకమ్మాయి కూర్చుని ఉంది. వచ్చేవాళ్లందరూ ఆమెని ఫొటోలమ్మాయి అంటారు. కంట్లో చుక్కల మందు వేసి మొద్దుబారేదాకా ఆగింది. ఆయన గడ్డం ఒక గిన్నెలాంటి దాంట్లో పెట్టించి, నుదురు పైపట్టీకి ఆనించింది. ఎదురుగా ఉన్న లెన్సు మూతికి జిగురులాంటి మందు రాసింది.

"ఇది మీ కంటికి ఆనుతుందండీ. నొప్పుండదు. రెండో కన్నుతో ఆ దీపం వంకే చూడండి. కదలకండి, రెప్ప వెయ్యకండి."

"వెయ్యనమ్మా" అన్నాడు. అనేసరికి గడ్డం కదిలింది.

"మాట్లాడకండి."

"మాట్లాడనమ్మా."

లెన్సు దగ్గరికి వస్తే ఆయన తల వెనక్కి పోయేది. తల ముందుకి తెస్తే రెప్ప పడేది. రెప్ప పట్టుకుంటే ఆయనకి కబుర్లు గుర్తొచ్చేవి. "నేను వెయ్యట్లేదమ్మా, అదే పడుతోంది. చిన్నప్పుడు మా నాన్న..." ఫొటోలమ్మాయికి సహనం ఎక్కువే, కానీ దానికీ ఒక అంచుంటుంది. ఆ అంచు దాకా వచ్చి ఆగి, కుర్చీలో వెనక్కి వాలింది.

మూల నిలబడి ఉన్న డ్రిల్లు మేడం ఈల నోట్లో పెట్టుకుని ఒక్క ఊపు ఊదింది. "అటెన్షన్!"

బూట్లాయన కొయ్యబొమ్మయిపోయాడు. రెప్ప కాదు కదా, ఊపిరి కూడా ఆగింది. బయట వరండాలో ఎవరో చేతికర్ర కింద పడేసి నిటారుగా నిలబడ్డ చప్పుడు వినిపించింది. ఫొటోలమ్మాయి చకచకా రెండు కళ్ల ఫొటోలూ తీసేసుకుంది.

"మేడం, మీరు రోజూ రాగలరా?" అంది.

తెర మీద ఫొటో వచ్చింది. నల్లటి ఆకాశంలో అక్కడక్కడా సన్నటి తెల్లగీతలు. "అవే మీ నరాలు" అంది ఆ అమ్మాయి.

"ఇవి ఎక్కువా, తక్కువా?"

"నేను చెప్పకూడదండీ. డాక్టరుగారే చెప్పాలి."

"పోనీ, బాగున్నవాళ్లవి ఎలా ఉంటాయో చూపించమ్మా. బేరానికి రెండు జతలు పక్కపక్కన పెడితే గానీ తేడా తెలీదు."

"మీ వయసులో ఏ జబ్బూ లేనివాళ్ల ఫొటోల కోసమే వెతుకుతున్నామండీ. ఎవరూ ముందుకి రావట్లేదు."

డ్రిల్లు మేడం మెళ్లో ఈల సర్దుకుంది. "నాది తియ్యండి. ఆరోగ్యమంటే ఎలా ఉంటుందో ఈయన కూడా చూస్తారు" అని, అడిగిన చోట సంతకం పెట్టి, మందు వేయించుకుని, గడ్డం ఆనించి, రాతిబొమ్మలా కూర్చుంది. రెప్ప పడలేదు. అలాంటి మనిషి దొరకడం అదృష్టమని ఫొటోలమ్మాయి సంబరపడింది. ఆ సంబరం కాసేపే. తెర వంక చూసి, లెన్సు తుడిచి, మళ్లీ తీసింది. ఒక కన్ను వదిలి రెండోది తీసింది. తర్వాత లేచి, "డాక్టరుగారిని పిలుచుకొస్తాను" అని వెళ్లిపోయింది.

డాక్టరు వచ్చి ముందు బూట్లాయన ఫొటోలు చూశాడు. "మీవి ఉండాల్సిన దానికంటే బాగా తక్కువున్నాయండీ. మీ మంటా, ఈ ఫొటోలూ కలిపి చూస్తే, సన్ననరాల జబ్బే."

"నిజంగానా?" బూట్లాయన డాక్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. "ఇంకోసారి చెప్పండి. ఈవిడ వైపు తిరిగి చెప్పండి." ఉద్యోగం వచ్చినవాడికి కూడా అంత వెలుగు రాదు మొహంలో. "ఈ ఫొటో నాకు ఒకటి ఇస్తారా? ఫ్రేము కట్టించుకుంటాను."

డాక్టరు నవ్వలేదు. ఆవిడ ఫొటోలు తెర మీదికి తెచ్చాడు. నల్లటి ఆకాశం ఉంది. గీతలే లేవు. వెతగ్గా వెతగ్గా ఒక మూల ఒకటి, అదీ తెగిన దారప్పోగులా.

"ఇవి ఈయనవి" అంది డ్రిల్లు మేడం. "మారిపోయి ఉంటాయి."

"మారలేదమ్మా. మీవే."

"అయితే మెషిన్ చెడిపోయింది."

డాక్టరు నర్సుని పిలిచి ఆవిడ వేలు గుచ్చి షుగరు చూడమన్నాడు. మీటరు మీద అంకె చూసి నర్సు ఇంకో వేలు అడిగింది.

"మీకు షుగరు ఉన్నట్టుందమ్మా. నిన్నా మొన్నటిది కాదు, చాలా ఏళ్లుగా ఉండి ఉంటుంది. రక్తం తీసి రూఢి చేసుకుందాం. కాళ్లలో మంట గానీ తిమ్మిరి గానీ..."

"నాకేమీ లేదు. మంట లేదు, నొప్పి లేదు, చీమ కుట్టినట్టు కూడా లేదు."

"నా భయం కూడా అదేనమ్మా. మీవారి నరాలు దెబ్బతింటూ అరుస్తున్నాయి. మీవి అరవడం మానేశాయి. ఒకసారి ఆ బూట్లు విప్పుతారా?"

"క్లాసు టైమైంది" అని ఆవిడ వెళ్లిపోయింది. వరండాలో చేతికర్ర ఆయన ఆవిణ్ని చూసి మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

బూట్లాయనకి ఆ సాయంత్రం సంతోషించాలో దిగులుపడాలో తెలీలేదు. ఇన్నాళ్లకి ఒక జబ్బు సంపాదించుకున్నాడు. సంపాదించుకున్న పూటే అందులో కూడా పెళ్లాం తనకంటే ముందుంది. "జబ్బులో కూడా నువ్వే ఫస్టా!" అని నవ్వించబోయాడు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు బడికి పోతూ ఆవిడ ఇచ్చొచ్చిన రక్తం రిపోర్టు కూడా డాక్టరు మాటే చెప్పింది. ఆవిడ దాన్ని మాత్రం గట్టిగా చదవలేదు.

ఆ ఇంట్లో వాదన తిరగబడింది.

"నాకు నొప్పి లేదండీ. నొప్పి లేని జబ్బేంటి?"

"నొప్పి ఉన్నప్పుడు నాకు జబ్బు లేదన్నావు. ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి నీకు జబ్బు లేదంటున్నావు. ఇంతకీ జబ్బెలా ఉండాలో నువ్వే చెప్పు."

బావమరిది అక్క పక్షం. "అక్కకి జబ్బేంటి బావా? జబ్బుకే అక్కంటే భయం. నువ్వే నీది అక్కకి అంటించి ఉంటావు."

"నరాలు అంటుకుంటాయట్రా?"

"ఒకే మంచం మీద పడుకుంటే ఏదైనా అంటుకుంటుంది."

తెచ్చిన మాత్రల పొట్లం తెచ్చినట్టే ఉంది. ఆవిడ బడికి పోతూనే ఉంది, ఎండలో నిలబడుతూనే ఉంది. బూట్లాయన మాత్రం తన ఫొటోకి ఫ్రేము కట్టించి షాపులో అద్దం పక్కన తగిలించాడు. మెరుపుల ఫొటోనా అని ఎవరైనా అడిగితే, "నా కంటి నరాలండీ, చూడండి ఎంత తక్కువున్నాయో" అని గర్వంగా చెప్పేవాడు. డాక్టరు ఇచ్చిన మందుతో ఆయన మంట కాస్త నెమ్మదించింది. రక్తంలో విటమిన్ తక్కువైందని సూదులు కూడా మొదలుపెట్టారు. కౌంటరు కింద టబ్బు తీసేశాడు. కానీ ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆ రెండో ఫొటోలోని నలుపు ఆయన కళ్లముందు ఆడేది.

ఒకరోజు బడి వదిలాక ఆవిడ ఇంటి తాళం కోసం షాపుకి వచ్చింది. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది. బూట్లాయన తాళం ఇవ్వలేదు.

"లోపలికి రా. స్టూలు మీద కూర్చో."

"ఎందుకు?"

"బూట్లు చూస్తాను."

"నా బూట్లు బాగానే ఉన్నాయి."

"వీధిలో ప్రతివాడి కాలూ పట్టుకున్నాను. నీది పట్టుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా?"

షాపులో అప్పుడు ఒక కొనుగోలుదారు కూడా ఉన్నాడు. అతని ముందు మొగుడితో వాదించడం ఇష్టంలేక ఆవిడ విసురుగా వచ్చి కూర్చుంది. బూట్లాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. లేసు విప్పుతుంటే ఒక సంగతి తట్టింది ఆయనకి. పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడకి బూట్లు తనే తెస్తున్నాడు. కొత్తలో కొలిచిన సైజే ప్రతిసారీ అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పట్టుకెళ్లాడు. వయసుతో కాలు పరుచుకుంటుందని ఊరందరికీ చెప్పినవాడు ఇంట్లో చెప్పలేదు. ఆవిడ ఒక్కసారి కూడా బిగుతన్న పాపాన పోలేదు.

బూటు రాలేదు. మడమ దగ్గర పట్టేసింది. పాదం పైకెత్తి అడుగు చూశాడు. రబ్బరులోకి దిగిపోయి, చుట్టూ అరిగి, చిన్న ఇత్తడి బిళ్ల మెరుస్తోంది. నోటీసు బోర్డుకి కాగితాలు గుచ్చే పిన్ను.

మెల్లిగా లాగాడు. పిన్నుతో పాటే బూటు వచ్చింది. సాక్సు మడమ దగ్గర నల్లగా ఎండి అట్టకట్టి ఉంది.

బావమరిది అది చూసి వెనక్కి రెండడుగులు వేసి, అట్టపెట్టెల వరస మీద కూర్చోబోయాడు. వరస కూర్చోనివ్వలేదు. ఆడవాళ్ల చెప్పులన్నీ అతని నెత్తి మీదుగా జలజలా రాలాయి. కొనుగోలుదారు ఒక చెప్పు పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే నిలబడిపోయాడు.

డ్రిల్లు మేడం వాళ్లెవర్నీ చూడలేదు. పిన్నునే చూస్తోంది. "అది నా కాల్లో ఉందా?" అంది. ఇంకెవరి కాలి గురించో అడిగినట్టుంది ఆ గొంతు.

"ఇవాళ గుచ్చుకుందా?"

"తెలీదు. బోర్డు మార్చింది పోయిన వారం. అప్పట్నుంచీ బూటు పట్టేస్తుంటే లాగి విప్పేస్తున్నాను."

బూట్లాయన ఆవిడ బొటనవేలు పట్టుకున్నాడు. "కళ్లు మూసుకో. నేను నొక్కినప్పుడు చెప్పు."

ఆవిడ కళ్లు మూసుకుంది. కాసేపాగి, "నొక్కండి మరి" అంది.

"నొక్కుతున్నాను."

ఆవిడ కళ్లు తెరిచింది. తన వేలు చుట్టూ ఆయన వేళ్లు తెల్లబడేలా బిగిసి ఉన్నాయి. అది చూశాక ఆవిడ మొహంలోకి వచ్చిన భయం ఆయన అంతకుముందెన్నడూ చూడలేదు. పామొస్తే పిల్లల్ని వెనక్కి నెట్టి తను ముందు నిలబడ్డ మనిషి ఆవిడ. గెలిచినవాడి మాట ఒకటి ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "బూట్లు నేను తెచ్చినవే" అన్నాడు. "సైజు చిన్నది. బుద్ధి లేకపోయింది."

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అంది ఆవిడ. ఆ మాట ఆ నోట రావడం బావమరిది చెప్పుల గుట్ట లోంచి తల బయటపెట్టి మరీ విన్నాడు.

షాపు అలాగే వదిలేసి ఆసుపత్రికి వెళ్లారు. పుండు కడిగి, సూది వేసి, చీము ఇంకా లోపలికి దిగలేదు, సమయానికి వచ్చారు అన్నారు. మానేదాకా ఆ కాలు నేలకి ఆనకూడదన్నారు. ఆవిడ మైదానంలో వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని, కూర్చునే డ్రిల్లు చేయించింది. పిల్లలకి అది ఇంకా ప్రమాదమైంది. పరిగెత్తే మేడమైతే కొన్నిసార్లు అటు తిరుగుతుంది, కూర్చున్న మేడానికి అందరూ కనిపిస్తారు.

షుగరు మీద కూడా ఆవిడ యుద్ధమే ప్రకటించింది. ఇంట్లో పంచదార డబ్బా మాయమైంది. మాత్ర వేళకి ఈల మోగేది. బావమరిదిని చెవి పట్టుకుని తీసుకెళ్లి పరీక్ష చేయించింది. అతనికి ఏమీ లేదని తేలితే, "చూశావా, షుగరుకి నేనంటే భయం" అన్నాడు, వెంటనే అభిప్రాయం మార్చుకుని. సాయంత్రమయ్యేసరికి ఆలుమగలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి పాదాలు ఒకరు చూసేవారు. ఆయన ఆవిడ పాదంలో పుండు కోసం వెతికేవాడు. ఆవిడ ఆయన పాదాన్ని ముట్టుకోకుండా చూడ్డం నేర్చుకుంది, అది ఆవిడకి ఇంకా కష్టం. బూట్లాయన ఆవిడ కాలు మళ్లీ కొలిచి, లోపల కుట్టు తగలని మెత్తటి వెడల్పు బూట్లు తెప్పించాడు. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమడం అలవాటు చేశాడు. షాపుకి వచ్చినవాళ్లకి కూడా అదే చెప్పసాగాడు. కొందరు విసుక్కున్నారు. కొందరు తమ కాళ్లు తామే కొత్తగా చూసుకున్నారు.

మరుసటేడు మళ్లీ ఫొటోలకి వెళ్లారు. ఈసారి బూట్లాయన ఈల లేకుండానే కదలకుండా కూర్చున్నాడు, ఫొటోలమ్మాయి నమ్మలేకపోయింది. ఆయన గీతలు ఉన్నచోట ఉన్నాయి, తగ్గలేదు, అదే మేలన్నాడు డాక్టరు. ఆవిడ ఫొటో తెర మీదికి వచ్చేసరికి ఇద్దరూ ముందుకి వంగారు. నలుపు నలుపుగానే ఉంది. కానీ ఆ మూలనున్న తెగిన పోగు పక్కన ఇంకో రెండు సన్నటి గీతలు, ఉన్నాయా లేవా అన్నట్టు.

"పెరుగుతున్నట్టే ఉన్నాయి" అన్నాడు డాక్టరు. "ఒట్టేసి చెప్పలేను. షుగరు ఇలాగే ఉంచితే చూద్దాం."

ఆ నెలలోనే ఒక ఉదయం ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. "ఏమండీ! కాళ్లలో ఏదో పాకుతోంది. చీమలు. కాదు, మంట. అబ్బ, మంటండీ!"

బూట్లాయన సబ్బు నురగ గడ్డంతోనే పరిగెత్తుకొచ్చాడు. "మంటగా ఉందా? నిజంగా? ఎక్కడ?"

"పెళ్లానికి మంటంటే నవ్వుతారేంటి?"

"నవ్వట్లేదు. బాగా మండుతోందా?"

డాక్టరు కూడా విని, మంచిదే కావచ్చు, నరం కోలుకునేటప్పుడు ఇలా చేస్తుంది, పాడయ్యేటప్పుడు కూడా ఇలాగే చేస్తుంది, ఫొటోలు తీస్తూ ఉందాం అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ అంతే, ఒక కాలు గడప లోపల, ఒకటి బయట.

జన్మలో ఒక్కసారి కూడా నొప్పని అనని మనిషికి ఇప్పుడు చెప్పుకోవడానికి బోలెడంత ఉంది. హెడ్మాస్టరుకి చెప్పింది, పిల్లలకి చెప్పింది, తమ్ముడికి ఫోన్లో చెప్పింది. వాళ్లంతా రెండో రోజుకే తప్పుకు తిరగడం మొదలుపెట్టారు. బూట్లాయన తప్పుకోలేదు. సాయంత్రం షాపు మూసి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటాడు. ఆవిడ చెబుతూ ఉంటుంది, ఆయన వింటూ ఉంటాడు. మధ్యలో ఎప్పుడైనా, "అది ఏ వేలు?" అని అడుగుతాడు.